సత్తెమ్మగారు కదల్లేదు

రాజమండ్రి,
ఆదివారం

ప్రియమైన అన్నయ్యకు,

అమ్మకి డయాలసిస్ అయిన రోజు కాళ్ళు పీకుతున్నాయన్నావు, ఇప్పుడెలా ఉంది? వదిన నడుము నొప్పి తగ్గిందా? పాప బడికి ఏడవకుండా వెళ్తోందా? మీరంతా కులాసాగా ఉంటే నాకదే చాలు. నా ఆరోగ్యానికేమీ లేదు, వేళకి తింటున్నాను. ఈ ముక్క ముందే రాయడానికి కారణం ఉంది. కింద రాసేది చదివి నువ్వు ఉన్నపళంగా రైలెక్కుతావేమోనని నా భయం. రావద్దు. అమ్మ దగ్గర నువ్వుండాలి.

ఫోనుండగా ఉత్తరమేంటని అడుగుతావు. నువ్వు ఫోనెత్తగానే అమ్మ స్పీకర్ పెట్టమంటుంది. వాట్సాప్‌లో రాస్తే ఎవరిచేతనో చదివించుకుంటుంది. ఇది అమ్మ వినాల్సిన సంగతి కాదు. వారానికి మూడుసార్లు ఆస్పత్రి మిషను పక్కన పడుకునే మనిషికి ఇలాంటివి చెప్పకూడదు.

ఇక్కడ గోదావరి ఎర్రగా, గట్టుకి ఆనుకుని పారుతోంది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. పడవలన్నీ కట్టేశారు. ఇంత నీరున్నా ఉక్కపోత మాత్రం తగ్గదు, రాత్రి ఫ్యాన్ కింద పడుకున్నా దిండు తడిసిపోతుంది. కూరల్లో బెల్లం వేస్తారని చెప్పానుగా, దానికి అలవాటు పడ్డాను. మాటకే అలవాటు పడలేదు. ఆటో నడిపేవాళ్ళ దగ్గర్నుంచి అందరూ అండీ అండీ అంటుంటే మొదట్లో వెక్కిరిస్తున్నారనుకున్నాను. మన వైపు మాట వినాలనిపించినప్పుడు స్టేషనుకి వెళ్ళి, పలాస మీదుగా పోయే రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద కూర్చుంటాను. జనం ఎక్కుతూ దిగుతూ నాలుగు మాటలు అనుకుంటారు. అవి విని ఇంటికొచ్చేస్తాను. ఇది చదివి బాధపడకు, అది నాకు సినిమాకి వెళ్ళడం లాంటిది.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. నెమ్మదిగా చదువు.

నా ఉద్యోగం ఏంటో నీకు సగమే తెలుసు. క్యాన్సర్‌కి, కొన్ని రకాల గడ్డలకి కరెంటు పెడతారని మనవాళ్ళు అంటారే, ఆ రేడియేషన్ మిషను నుంచి వచ్చే బీమ్, అంటే కిరణాల ధార, ఎంత బలంగా ఉందో కొలిచేది నేను. మందు ఇచ్చేది డాక్టరు. ఆ మందు సీసాలో నిజంగా ఎంత ఉందో చెప్పేది నేను. తలలో చిన్న గడ్డ ఉంటే పెన్సిలంత సన్నటి బీమ్ వేస్తారు. ఒక్క పూటలో అయిపోయే వైద్యం అది.

అద్దెకి గది దొరక్క తిరుగుతుంటే మా ఆస్పత్రి నర్సు ఒకామె, మన దగ్గర వైద్యం చేయించుకున్న ఆవిడ ఇంట్లో మేడ మీద గది ఖాళీగా ఉందని పంపింది. అలా సత్తెమ్మగారింట్లో చేరాను. ఆవిడ భర్త అప్పారావుగారు గోదావరి మీద చేపల వేటకి వెళ్తారు. ఆయన పట్టింది ఆవిడ మార్కెట్లో అమ్మేవారు. ఆస్పత్రి మనిషినని నన్ను చూసి ఎంత సంబరపడ్డారో చెప్పలేను. "మీ వాళ్ళు నాకు ప్రాణం పోశారమ్మా. మీరు పైన ఒక్కరే వండుకోవడమేంటి, కిందకొచ్చి తినండి" అన్నారు. మొదటి రోజు నుంచీ నా భోజనం వాళ్ళింట్లోనే.

ఆవిడకి కుడి చెవి నరం మీద గడ్డ వచ్చింది. క్యాన్సర్ కాదు, కానీ పెరిగితే ప్రమాదం. పోయిన ఏడాదికి ముందు ఏడాది మా ఆస్పత్రిలో సన్నటి బీమ్‌తో వైద్యం చేశారు. గడ్డ పెరగడం ఆగింది. కొన్ని నెలలకి కుడివైపు మొహం జారిపోయింది. ఆ కన్ను మూతపడదు, నిద్రలోనూ సగం తెరిచే ఉంటుంది. తడిగుడ్డ వేసుకుని పడుకుంటారు. అన్నం తింటుంటే నోటి మూల నుంచి మెతుకులు జారతాయి, కొంగు అడ్డం పెట్టుకుంటారు. లేచి నాలుగడుగులు వేస్తే తూలతారు. మార్కెట్లో కూర్చోవడం మానేశారు.

ఎందుకిలా అయిందని నేను అడగకుండానే ఒకరోజు ఆవిడే చెప్పారు. "మొహానికి వల లాంటి మాస్కేసి బల్లకి బిగించేశారమ్మా. ఇన్నాళ్ళూ చేపల్ని వల్లో చూశాను, ఆ రోజు నేనే పడ్డాను. కదలొద్దని నొక్కి చెప్పారు. మధ్యలో నాకు దగ్గొచ్చింది. ఆపుకున్నాననే అనుకున్నాను. కదిలేసే ఉంటాను. లేపోతే గడ్డ మీద పడాల్సింది మొహం మీదకెందుకొస్తాది?"

అప్పారావుగారు వల బాగుచేసుకుంటూ తలెత్తకుండానే అన్నారు. "మార్కెట్లో గంప ముందు కూర్చుంటే పూటంతా కదలదండి. ఆ కాసేపు బల్ల మీద కుదురుగా ఉండలేకపోయింది."

ఆవిడ కొంగుతో నోటి మూల తుడుచుకున్నారు. ఆ మాట ఆ ఇంట్లో చాలాసార్లు వినిపించిందే అని నాకర్థమైంది.

నేను ఉద్యోగంలో చేరినప్పుడే డాక్టరుగారితో ఒక మాట చెప్పాను. సన్నటి బీమ్‌లు కొలవడానికి సరైన సాధనం ఇక్కడ లేదు, అది తెప్పించేదాకా వాటితో వైద్యం ఆపుదామని. ఎవరి మీదా అనుమానంతో కాదు. నేను స్వయంగా కొలవని బీమ్ మనిషి మీద వేయకూడదని నాకు చదువు చెప్పినవాళ్ళు నేర్పారు. డాక్టర్ ప్రభాకర్‌గారు పెద్దాయన, ఈ రెండు జిల్లాల్లో సగం ఊళ్ళకి ఆయన తెలుసు. "అలాగేనమ్మా, ఆపుదాం" అన్నారు. ఆ సాధనం పోయిన నెల వచ్చింది.

దాన్ని ప్లాస్టిక్ సింటిలేటర్ అంటారు. చూస్తే నవ్వుతావు. ఆవగింజకి కాస్త పెద్దది, ఒక ప్లాస్టిక్ ముక్క. రేడియేషన్ తగిలితే అది వెలుగుతుంది. ఆ వెలుగు దారం లాంటి ఫైబర్ గుండా పక్క గదిలోకి వస్తుంది. వెలుగెంతో చూసి మోతాదు ఎంతో లెక్క కడతాం. దానికి ముందు ఇక్కడ కొలవడానికి ఉన్నది అయాన్ ఛాంబర్ అనే సాధనం, వేరుశనక్కాయంత ఉంటుంది. వెడల్పాటి బీమ్‌లకి అది చక్కగా పనిచేస్తుంది. సన్నటివాటికే పనికిరాదు. తాటాకు కప్పులో చిల్లుంటే నేల మీద ఎండ చుక్క పడుతుంది కదా, ఆ చుక్కలో వేలికొన పెడితే చురుక్కుమంటుంది. అరచెయ్యి పెడితే మధ్యలో మాత్రమే వెచ్చగా ఉంటుంది, మిగతా చెయ్యంతా నీడలోనే. అరచేతిని అడిగితే ఎండ అంతగా లేదంటుంది. ఛాంబర్ సన్నటి బీమ్ గురించి అలాగే చెబుతుంది. బీమ్ బలహీనంగా ఉందని అది చెప్పిన లెక్క నమ్మితే, చాలదనుకుని ఎక్కువసేపు వేస్తాం.

నీళ్ళతొట్టెలో ఆ ప్లాస్టిక్ ముక్కని దించి, పెద్ద బీమ్ దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే సన్నం చేసుకుంటూ కొలిచాను. పెద్దవన్నీ పాత లెక్కలతో సరిపోయాయి. సన్నబడేకొద్దీ తేడా మొదలైంది. అన్నిటికన్నా సన్నటి బీమ్ దగ్గర పాత లెక్కకీ నా కొలతకీ పొంతనే లేదు. నాదే తప్పనుకున్నాను. బీమ్ తగిలితే ఆ ఫైబర్ దారం కూడా తనంతట తను కాస్త వెలుగుతుంది, ఆ వెలుగుని లెక్కలోంచి తీసేయాలి. అది తీయడంలో నేనే పొరబడ్డానేమోనని మళ్ళీ మొదట్నుంచి చేశాను. తర్వాత రేడియేషన్ తగిలితే రంగు ముదిరే ఫిల్మ్ పెట్టి చూశాను. ఎలా చూసినా అదే జవాబు. అంటే ఆ బీమ్‌తో వైద్యం చేయించుకున్నవాళ్ళకి పడాల్సినదాని మీద ఇంకో సగం దాకా ఎక్కువ పడింది.

ఆ బీమ్ ఎవరెవరికి వాడారో చూశాను. కొద్దిమందే. కొందరు జబ్బుతోనే పోయారు. సత్తెమ్మగారి పేరు చూడగానే కంప్యూటర్ ముందు నుంచి లేచి బయటికొచ్చేశాను. ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఇంటికి వెళ్తే ఆవిడ అన్నం పెడతారు.

డాక్టరుగారికి చెప్పాను. ఆయన అరవలేదు, కాదనలేదు. కాగితాలు చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. నాకన్నా ముందు కొలిచినాయన గురించి ఒక్క చెడ్డమాట అనలేదు. "ఉన్నదాంతో కొలిచాడు. నేను సంతకం పెట్టాను" అన్నారు. కాగితాలు నావైపు జరిపి, "ఇప్పుడు చెప్పి ఏం చేస్తామమ్మా? పడింది వెనక్కి తియ్యలేం. మందు లేని మాట చెబితే వాళ్ళకి ఒరిగేదేంటి?" అన్నారు.

"నేను వాళ్ళింట్లో తింటున్నానండి" అన్నాను.

యాజమాన్యంలో వాళ్ళు మాత్రం వేరేగా మాట్లాడారు. లెక్కలు సరిచేసి ఊరుకోమన్నారు, కొత్తగా వచ్చినదానివి నీ పని నువ్వు చూసుకో అన్నారు. అణు భద్రత అధికారులకి తెలియజేయడం నా ఉద్యోగంలో భాగం. తెలియజేశాను. మరుసటి రోజు నుంచి విచారణ అయ్యేదాకా రావద్దన్నారు. అంటే అన్నయ్యా, ప్రస్తుతానికి నాకు ఉద్యోగం లేదు. కంగారు పడకు. తప్పు చేసి ఇంట్లో కూర్చోలేదు.

ఆ రోజుల్లో సత్తెమ్మగారి ముందు కూర్చుని అన్నం తినలేకపోయాను. "ఏంటమ్మా, మెతుకులు లెక్కపెడుతున్నారు? మా వంట పడలేదా?" అని అడిగారు. పులుసు మార్చి చేశారు. మర్నాడు చప్పిడి కూర చేశారు. అది కూడా నేను వదిలేస్తే, "ఇంటి మీద బెంగేమో, ఒకసారి వెళ్ళి రండి" అన్నారు.

పోయిన ఆదివారం పొద్దున డాక్టరుగారు తనంతట తనే వచ్చారు. ఏమనుకున్నారో, రాత్రంతా ఏం ఆలోచించారో నాతో అనలేదు. సత్తెమ్మగారు గబగబా కుర్చీ తుడిచారు. ఆయన కూర్చోలేదు. "అమ్మా, మీ మొహం అలా అవడానికి కారణం మేమే" అన్నారు. తర్వాత నావైపు చూశారు. మిగతాది నేను చెప్పాను. ఎండ చుక్క, అరచెయ్యి అన్నీ చెప్పాను. ఎక్కువ పడిందని చెప్పాను.

ఆవిడ అంతా విన్నారు. కోపం లేదు, ఏడుపు లేదు. ఒకటే అడిగారు.

"నేను కదల్లేదా?"

"కదల్లేదండి. మీరు కదలకుండానే ఉన్నారు. బీమ్ పడాల్సిన చోటే పడింది. ఎక్కువ పడింది, అంతే."

ఆవిడ భర్త వైపు తిరిగారు. అప్పారావుగారు తల దించుకున్నారు. "విన్నావా? కదల్లేదంట" అన్నారు ఆవిడ. ఆయన లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయారు. వరదలో వేట లేదు, పడవ లేదు, ఎక్కడికి వెళ్ళారో తెలియదు. మధ్యాహ్నం దాటాక వచ్చి గుమ్మం దగ్గరే కూర్చున్నారు.

"మళ్ళీ మామూలవుతాదా అండి?" అని, భర్త అటు వెళ్ళగానే డాక్టరుగారిని అడిగారు ఆవిడ.

"అవదమ్మా" అన్నారాయన. కంటికి చిన్న ఆపరేషన్ చేయిస్తానని, నడకకి వ్యాయామం చెప్పిస్తానని, అవన్నీ ఆస్పత్రే చూసుకునేలా చేస్తానని అన్నారు. ఆవిడ ఆయ్ అని తల ఊపారు. ఆయన వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా సాగనంపలేదు.

ఆ రోజు నుంచి నన్ను అమ్మా అని పిలవడం మానేశారు. మేడమ్‌గారూ అంటున్నారు. కంచం మాత్రం పెడుతున్నారు. ఖాళీ చేసి వెళ్తానని చెప్పాను. "మేము వెళ్ళమన్నామాండి?" అన్నారు అప్పారావుగారు. ఉండమని కూడా అనలేదు. కాబట్టి ఉన్నాను. ఈ ఇంట్లో తినడం కష్టంగా ఉంది, మానేస్తే ఇంకా తప్పనిపిస్తోంది.

నాలుగో రోజున ఆవిడ మేడ మెట్లు గోడ పట్టుకుని ఎక్కి వచ్చారు. నాతో ఒక్కటే మాట. "మిగతావాళ్ళకి చెప్పారాండి?"

డాక్టరుగారు అందరికీ ఫోన్లు చేస్తున్నారని, మండపేటలో ఒకాయన నెంబరు మాత్రం పనిచెయ్యట్లేదని చెప్పాను. నాకు తెలిసినంతలో ఆయన బియ్యం మిల్లులో పనిచేసేవాడు. తలలో గడ్డకి వైద్యం చేశారు. తర్వాత ఆస్పత్రికి రాలేదు.

"వాళ్ళు కూడా నాలాగే ఏదో ఒకటి అనుకుని కూర్చుంటారు. పదండి, మనం వెళ్దాం. మీ మాట నమ్మకపోయినా నా మొహం చూస్తే నమ్ముతారు."

డాక్టరుగారిని అడిగితే, తనే రావాలని ఉందని, కానీ ఆ రోజు అధికారులు ఆస్పత్రికి వస్తున్నారని చెప్పి, చిరునామా ఇచ్చి వెళ్ళి రమ్మన్నారు. నిన్న పొద్దున్నే బస్సెక్కాం. కడియం, ద్వారపూడి దాటేదాకా ఆవిడ కిటికీ వైపు మొహం పెట్టుకుని ఉన్నారు, ఎదుటివాళ్ళకి కనపడకుండా. మండపేటలో దిగితే వాన. మిల్లుల ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. చిరునామా అడుగుతూ వెళ్ళాం. ఆవిడ నా భుజం పట్టుకుని నడిచారు.

ఆయన లేడు. ఎండాకాలంలో పోయాడు. భార్య ఉంది, నా వయసే ఉంటుంది. పేరు లక్ష్మి. అత్తగారింట్లోనే ఒక గదిలో ఉంటోంది. అత్తగారు అప్పుడు ఇంట్లో లేరు. మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

చెప్పాను. వాళ్ళాయన పోవడానికి ఇదే కారణమని చెప్పలేను, కాదని కూడా చెప్పలేనని చెప్పాను. నాకు తెలిసిన నిజం అంతే. ఆ అమ్మాయి సత్తెమ్మగారి మొహం వైపు చూస్తూ విన్నది. చివర్లో ఆయనకి నొప్పెక్కువైందని, తల లోపల ఏదో వాచిందన్నారని, అన్నం సహించేది కాదని చెప్పింది.

తర్వాత చాలా మెల్లగా అంది. "మా అత్తగారు ఊళ్ళో మందు వాడదామన్నారండి. నేనే పోరుపెట్టి రాజమండ్రి తీసుకెళ్ళాను. నువ్వే చంపుకున్నావని ఆవిడ రోజూ అంటారు. నేను ఒప్పుకోలేదండి ఇన్నాళ్ళూ. మంచి వైద్యానికే తీసుకెళ్ళాను కదా అనుకునేదాన్ని." చాప అంచు సరిచేస్తూ, "అయితే ఆవిడన్నదే నిజమన్నమాట" అంది.

నువ్వు తీసుకెళ్ళింది సరైన చోటికే, తప్పు మా కొలతలో ఉంది అన్నాను. గడ్డని వదిలేస్తే ఎలాగూ ప్రాణం మీదకి వచ్చేదే అన్నాను. నేను మాట్లాడుతున్నది నా చెవులకే ఆస్పత్రి కాగితంలా వినిపించింది. ఆ అమ్మాయి తల ఊపుతోంది గానీ వినట్లేదు. తన మొహం చూపించి నమ్మించడానికి వచ్చిన సత్తెమ్మగారు కొంగు మొహం మీదికి లాక్కున్నారు. అలాగే ఆ అమ్మాయి పక్కకి జరిగి కూర్చున్నారు. బయట లారీలోకి బస్తాలు ఎక్కిస్తున్న కేకలు వినిపిస్తున్నాయి. వచ్చేటప్పుడు డాక్టరుగారి నెంబరు, నా నెంబరు ఇచ్చాను. విచారణ జరుగుతోంది, మీకు న్యాయంగా రావాల్సింది అడగండి, నేను సాక్ష్యం చెబుతానన్నాను. "మా అత్తగారికి చెప్పకండి" అంది. అదొక్కటే అడిగింది.

తిరుగు బస్సు ద్వారపూడి దాటాక సత్తెమ్మగారు నావైపు తిరిగారు.

"చెప్పకుండా ఉండాల్సిందాండి?" అన్నారు.

"తెలీదండి."

"నాకు చెప్పడం మంచిదైంది. ఆ పిల్లకి కాలేదు." ఆ వెంటే, "ఇంకెవరున్నారు?" అని అడిగారు.

సామర్లకోటలో ఒకావిడ ఉన్నారని, డాక్టరుగారు ఫోన్ చేస్తే కొడుకు ఎత్తి రాంగ్ నెంబరని పెట్టేశాడని చెప్పాను.

"ఎలా ఉంటాదో తెలిసి కూడా వెళ్ళాలాండి?" అన్నారు. ఆవిడ కిటికీ మూసి, తూలిపోకుండా ముందు సీటు పట్టుకుని, "సోమవారం పొద్దున్నే రైలుంటాదిగా. వెళ్దాం" అన్నారు.

రేపు వెళ్తున్నాం. ఆవిడకి ఎందుకు వెళ్ళాలనిపించిందో నేను అడగలేదు. నాకెందుకు అనిపిస్తోందో అడిగితే నేనూ చెప్పలేను. ఎవరో ఒకరు వెళ్ళి చెప్పాలి, అంతవరకే తెలుసు.

నీకొక పని. నా డిగ్రీ, పీజీ సర్టిఫికెట్లు బీరువా కింది అరలో ఉన్నాయి, రిజిస్టర్ పోస్టులో పంపు. ఇంకో చోట ఉద్యోగం చూసుకోవాల్సి రావచ్చు. ఉత్త కవరులో పంపకు, వానకి తడుస్తాయి. వదిన చేసిన జీడిపప్పు పొడి ఉంటే కొంచెం పెట్టు, లేకపోతే లేదు. అమ్మని తీసుకెళ్ళినప్పుడు ఆ మిషను ఎప్పుడు పరీక్ష చేశారని ఒక్కసారి అడుగు. కోప్పడితే పడనీ. అడగడం తప్పు కాదు.

విచారణలో ఏమవుతుందో నాకు తెలియదు. డాక్టరుగారు మాత్రం వైద్యం చేయించుకున్న అందరి పేర్లూ తనే అధికారులకి ఇచ్చారట. ఆయన ఈ ఉద్యోగంలో ఎన్నాళ్ళుంటారో, నేనెన్నాళ్ళుంటానో చూడాలి. నేను బాగానే ఉన్నాను, మళ్ళీ చెబుతున్నాను, బెంగ పెట్టుకోకు.

పాపకి ముద్దులు. వదినకి, మావయ్యగారికి, పక్కింటి పెద్దవాళ్ళకి నమస్కారాలు. నన్ను దీవించమని అమ్మ పాదాలకి నా బదులు నువ్వు దణ్ణం పెట్టు. ఎందుకురా ఇప్పుడు అని అడిగితే, సరళ రేపు సామర్లకోట వెళ్తోందట, అని మాత్రం చెప్పు.

ఇట్లు,
నీ ఆశీస్సులు కోరే చెల్లెలు
సరళ